శనివారం కో-ఆప్‌కి వెళ్దాం

అందరికీ నమస్కారం.

ఈ శనివారం ఉదయం 10 గంటలకు ఉడ్‌వర్డ్ అవెన్యూలో డెట్రాయిట్ పీపుల్స్ ఫుడ్ కో-ఆప్ (సహకార కిరాణా షాపు) ముందు కలుద్దాం.

నల్లజాతివారే ఎక్కువగా ఉండే ఈ ఊళ్లో వాళ్ల చేతిలో కిరాణా షాపులు దాదాపు లేవు. ఒకప్పుడు స్కూల్ ప్రిన్సిపాల్‌గా చేసిన మాలిక్ యాకిని దీన్ని మార్చాలని 2006లో తోటివారితో కలిసి సంఘం పెట్టారు. రూజ్ పార్కులో 7 ఎకరాల డీ-టౌన్ ఫార్మ్ నడిపేదీ వాళ్లే. ఏళ్ల తరబడి పట్టువదలకుండా తిరిగితే 2024 మేలో ఈ షాపు తెరుచుకుంది. సభ్యులే యజమానులు. నాకైతే ఎంతో గౌరవం.

చూసి వచ్చేయడం కాదండీ, ఆ వారం కూరగాయలు అక్కడే కొందాం.

వచ్చేవాళ్లు గురువారం రాత్రికల్లా పేరు, కారులో ఎన్ని సీట్లు ఖాళీయో ఇక్కడే రాయండి. ట్రాయ్, నోవై వాళ్లు కలిసి బయల్దేరితే మంచిది. పిల్లల్ని తీసుకురండి.

సంచులు మర్చిపోకండి!