వార్షిక నివేదిక: ఉమ్మడి ముద్రణ గదికి అతినీలలోహిత దీపాల ఎంపిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం సమావేశాల్లో ఎక్కువ సమయాన్నీ, కొంత నిష్ఠూరాన్నీ మూటగట్టుకున్నది ఒకే విషయం: ఉమ్మడి ముద్రణ గదికి ఏ అతినీలలోహిత దీపం పెట్టుకోవాలన్నది. సయానోటైప్ (నీలి రంగు ఫొటో ముద్రణ) వేసేవారైనా, ప్లాటినం, గమ్ బైక్రోమేట్ వంటి ఇతర పాత ఫొటో ముద్రణ పద్ధతుల్లో పనిచేసేవారైనా నెగటివ్‌ను కాగితానికి ఆనించి వెలుగు చూపించవలసిందే కనుక, ఈ నివేదికను ఆ ఒక్క విషయానికే కేటాయించాము.

1842లో జాన్ హెర్షెల్ సయానోటైప్‌ను కనుగొన్ననాటి నుంచి ఈ పనికి ఎండే మొదటి దీపం. సభ్యుల్లో పలువురు ఇప్పటికీ ఎండనే నమ్ముకున్నారు, అందులో తప్పు లేదు. అయితే పొద్దు వాలే కొద్దీ, మబ్బు అడ్డం వచ్చినప్పుడల్లా అతినీలలోహిత పాళ్లు మారిపోతాయి కాబట్టి, ఒకే నెగటివ్ నుంచి ఒకే తీరు ప్రతులు పది కావాలనుకునేవారికి నిన్న కుదిరిన సమయం ఇవాళ కుదరదు.

మన రసాయనాలు ముఖ్యంగా 320 నుంచి 400 నానోమీటర్ల మధ్య తరంగదైర్ఘ్యం ఉన్న కిరణాలకు స్పందిస్తాయి. దీపం మీద రాసి ఉండే వాట్లు అది లాగే కరెంటును చెబుతాయే తప్ప కాగితం మీద పడే అతినీలలోహితాన్ని చెప్పవు. ఈ చిన్న సంగతి మనకు ఆలస్యంగా ఒంటబట్టింది. సూక్ష్మజీవులను చంపడానికి వాడే 254 నానోమీటర్ల ట్యూబును పరీక్షిద్దామన్న ప్రతిపాదనను కార్యవర్గం వెంటనే తోసిపుచ్చింది. అది కళ్లకూ చర్మానికీ హాని చేస్తుంది, పైగా ఆ కిరణాలు నెగటివ్‌ను కాగితానికి అదిమి ఉంచే ఫ్రేము అద్దం దాటి కాగితాన్ని చేరనే చేరవు.

పోలిక చివరికి రెండింటి మధ్య మిగిలింది. బీఎల్ (బ్లాక్‌లైట్, అంటే అతినీలలోహితాన్ని ఇచ్చే) రకం ఫ్లోరసెంట్ ట్యూబుల పెట్టె ఒకటి, ఎల్‌ఈడీ ఫ్లడ్ దీపం మరొకటి. బీఎల్‌బీ (బ్లాక్‌లైట్ బ్లూ) ట్యూబుల ముదురు నీలి గాజు కంటికి కనిపించే వెలుగును ఆపడానికే కనుక, ముద్రణకు దానివల్ల ప్రత్యేక లాభమేమీ లేదని వాటిని పక్కన పెట్టాము. పరీక్షకు మీటర్లు వాడలేదు. పూత పూసిన కాగితం మీద 21 మెట్ల స్టెప్ టాబ్లెట్‌ను (మెట్టు మెట్టుకూ ముదురయ్యే ఫిల్ము పట్టీని) మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి ఉంచి, సమయం మార్చకుండా వెలుగు చూపించి, కడిగి, ఆరబెట్టి మెట్లు లెక్కపెట్టాము. ఒక్కో మెట్టు అర స్టాపు (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది) కాబట్టి రెండు మెట్లు తగ్గితే వెలుగు సగమైనట్టే. ఎల్‌ఈడీ ఫ్లడ్ కింద మూలల్లో సరిగ్గా అదే జరిగింది. దీపాన్ని పైకి ఎత్తితే వెలుగు సమంగా పరుచుకుంది గానీ, సమయం చాలా పెరిగింది. ట్యూబుల పెట్టె కూడా మొదటిసారి పరువు నిలబెట్టలేదు: కాగితాన్ని మరీ దగ్గరగా పెట్టడంతో నీలం మీద దువ్వెన పళ్లలాగా లేత చారలు పడ్డాయి. కాగితానికీ ట్యూబులకూ మధ్య ఎడాన్ని ట్యూబుల నడిమి దూరం కంటే తగ్గకుండా చూసుకున్నాక చారలు పోయాయి.

నెగటివ్‌ల సంగతి ఇంకా చిక్కు. నెగటివ్‌ను అచ్చువేసే ఇంక్‌జెట్ సిరా అన్ని తరంగదైర్ఘ్యాలనూ ఒకే మోతాదులో ఆపదు. అందువల్ల ట్యూబుల కింద చక్కగా కుదిరిన నెగటివ్ 395 నానోమీటర్ల ఎల్‌ఈడీ కింద చప్పగా వచ్చింది. దీపం మార్చినవారు నెగటివ్ సవరణ రేఖను (నెగటివ్‌లోని ముదురు, లేత పాళ్లను సరిచేసే గీతను) మళ్లీ మొదటి నుంచి గీసుకోక తప్పదు.

ఒక వైఫల్యాన్నీ నమోదు చేయాలి. ఒక కార్యశాలలో అరగంట దాటినా కాగితం పసుపు-ఆకుపచ్చ రంగు వదలలేదు. రసాయనం పాడైందని పారబోసి, మళ్లీ కలిపి, మళ్లీ పూసి, అదే ఫలితం చూశాక ఒక సభ్యురాలు ఫ్రేమును పరిశీలించారు. పగిలిన అద్దం స్థానంలో మేము బిగించినది, చిత్రాలు వెలిసిపోకుండా అతినీలలోహితాన్ని ఆపే అక్రిలిక్ పలక. మామూలు అద్దం పెట్టగానే కొద్ది నిమిషాల్లో అంచులు బూడిద నీలానికి తిరిగాయి.

ఇవన్నీ చూశాక కార్యవర్గం ఉమ్మడి గదికి బీఎల్ ట్యూబుల పెట్టెనే ఖరారు చేసింది. చిన్న ప్రతులు మాత్రమే తీసే సభ్యులకు 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ ఇంట్లో సరిపోతుందని మా అభిప్రాయం. పెట్టె తలుపు తెరవగానే ట్యూబులు ఆరిపోయే స్విచ్ బిగించాము, ఎందుకంటే ఈ వెలుగు కంటికి మసకగా కనిపించినా కనుపాప దానికి తగినట్టు ముడుచుకోదు. ట్యూబులు వాడే కొద్దీ బలం తగ్గుతాయి కాబట్టి, వాడిన ప్రతిసారీ గంటలు రాయడానికి పెట్టె పక్కన ఒక పుస్తకం వేలాడదీశాము. అందులో సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. దయచేసి రాయగలరు.

కార్యదర్శి