ఆ తాడు ముడి వేసిన పెద్దావిడకు

మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో, గెర్ అనే అక్కడి గుండ్రటి గుడారం గురించి మా బహిరంగ ప్రసంగానికి వచ్చిన పెద్దమ్మగారూ, మీకు నమస్కారాలు. 2013లో యునెస్కో జాబితాకెక్కిన ఈ పనితనం గురించి గంటసేపు మాట్లాడాం. తీరా గుడారం నిలబెట్టబోతే వాసాలు ఒక్కొక్కటే ఊడి కిందపడ్డాయి.

మీరు వెనక వరసలోంచి లేచి వచ్చి, సగం దాకా ఎక్కించిన వాసాలన్నీ దింపించారు. దక్షిణం వైపు తలుపు చట్రానికి ఖనలను, అంటే కర్ర జాలీ గోడలను, మళ్లీ కట్టించారు. గుండ్రం కుదిరిందో లేదో నడినుంచి అడుగులేసి చూశారు. మేము మరిచిన తాడును గోడ పైభాగం చుట్టూ తిప్పి బిగించారు. అది లేకపోతే వాసాల బరువుకు గోడ బయటికి తోసుకుపోతుంది, పై చక్రం తోనో ఒరిగిపోతుంది. ఆ తర్వాతే రెండు స్తంభాల మీద తోనోను ఎత్తించి, ఎదురెదురుగా ఒక్కో వాసం చొప్పున ఎక్కించారు. మేము ఒకే పక్కనుంచి వరసగా పెట్టుకుంటూ పోయాం మరి!

ఆ హడావిడిలో కూడా, రెండు స్తంభాల మధ్యనుంచి దూరబోయిన కుర్రాణ్ని చెయ్యి పట్టుకుని చుట్టూ తిప్పి పంపారు. ఆ స్తంభాల మధ్యనుంచి దూరకూడదన్న మర్యాద మా ప్రసంగంలో లేనేలేదు. ఇప్పుడు చేర్చాం.