మన చదువరుల సంఘం వార్షిక నివేదిక: పన్నెండు పుస్తకాలు అనుకున్నాం, నాలుగు సంచికలు చదివాం

సభ్యులందరికీ నమస్కారం. కార్యదర్శి నివేదిక అనగానే సగం మంది నేరుగా ఖర్చుల దగ్గరికి వెళ్లిపోతారని తెలుసు. అవి చివర్లో ఉన్నాయి, ఈసారి మాత్రం పైనుంచి చదవండి, లేకపోతే ఆ ఖర్చులు మీకు అర్థం కావు.

పోయిన ఉగాదికి నెలకో పుస్తకం చొప్పున పన్నెండు చదవాలని తీర్మానం చేసుకున్నాం. చదివినవి నాలుగు. నిజానికి అవి పుస్తకాలు కూడా కావు, 1939, 1940ల్లో మనం ఉంటున్న ఈ లాస్ ఏంజెలిస్‌లోనే ఓ పేపర్లమ్ముకునే కుర్రాడు వేసిన ‘ఫ్యూచూరియా ఫాంటేసియా’ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక సంచికలు. మొత్తం వచ్చినవే నాలుగు కాబట్టి పని పూర్తి చేశామనే రాసుకుంటున్నాను.

ఆ కుర్రాడు రే బ్రాడ్‌బరీ, తర్వాత పేరుమోసిన సైన్స్ ఫిక్షన్ రచయిత. 1938లో హైస్కూలు అయిపోయింది, కాలేజీకి వెళ్లే స్తోమత లేదు, రోడ్డు మలుపులో నిలబడి పేపర్లు అమ్మేవాడు. 1939 వేసవిలో మొదటి సంచిక తెచ్చేనాటికి పంతొమ్మిది నిండలేదు. డబ్బు సర్దింది ఫారెస్ట్ ఎకర్‌మన్ అనే మిత్రుడు, ఆయనకీ అప్పుడు పాతికేళ్లు లేవు. జూలైలో న్యూయార్క్‌లో మొట్టమొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం జరిగితే బస్సు ఛార్జీలకి మళ్లీ ఎకర్‌మన్ దగ్గరే అప్పు. వెళ్తూ వెళ్తూ తన పత్రికకి బొమ్మలేసే హానెస్ బోక్ బొమ్మల కట్ట పట్టుకెళ్లి అక్కడి సంపాదకులకు చూపించాడు. ఆ డిసెంబరుకల్లా ‘వియర్డ్ టేల్స్’ అనే కథల పత్రిక ముఖచిత్రం బోక్‌ది! తన కథ అమ్ముడుపోకముందే స్నేహితుడి బొమ్మ అమ్మిపెట్టాడు చూడండి, నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చిన ముక్క అదే.

ఇక పత్రిక ఎలా ఉందంటే, ఉన్నమాట చెప్పుకుందాం, చాలా కథలు చప్పగా ఉన్నాయి. మొదటి సంచికలో ఇంజినీర్లు దేశాన్ని నడపాలనే టెక్నోక్రసీ ప్రచారం ఒకటి. రాసేవాళ్లు దొరక్క బ్రాడ్‌బరీయే రాన్ రెనాల్డ్స్ అని పేరు మార్చుకుని కూడా రాసుకున్నాడు. మన కాలేజీ రోజుల లిఖిత పత్రికల్లో ఐదుగురు రచయితలుండి ఐదుగురి దస్తూరీ ఒకటే అయినట్టన్నమాట. అయితే నాలుగో సంచికకి వచ్చేసరికి, అప్పటికే డబ్బులిచ్చే పత్రికల్లో పేరు తెచ్చుకున్న రాబర్ట్ హైన్‌లైన్ కూడా లైల్ మన్రో అనే కలం పేరుతో ఓ చిన్న కథ ఇచ్చాడు. రెండో సంచికలో బ్రాడ్‌బరీ వేసుకున్న లోలకం కథనే తర్వాత హెన్రీ హాసీతో కలిసి తిరగరాస్తే 1941లో ‘సూపర్ సైన్స్ స్టోరీస్’ పత్రిక కొనుక్కుంది. వచ్చింది 27 డాలర్ల 50 సెంట్లు, చెరి సగం. కథ పండకుండానే అచ్చు వేసుకోవడం మంచిదా కాదా అని ఆ నెల సమావేశంలో జరిగిన గొడవ గురించి రాయను, ఉన్నవాళ్లకి తెలుసు. (నా ఓటు అచ్చు వేసుకోవడానికే.)

ఆగస్టులో డౌన్‌టౌన్ వెళ్లి బ్రాడ్‌వేలో క్లిఫ్టన్స్ కెఫెటేరియా భవనం చూసొచ్చాం. గురువారం గురువారం ఈ సైన్స్ ఫిక్షన్ కుర్రాళ్లు కలుసుకునేది అక్కడే. ఆ ఆర్థిక మాంద్యం రోజుల్లో ఎంత ఇవ్వగలిగితే అంతే ఇవ్వండి, లేకపోతే లేదు అని పెట్టిన హోటల్ అది. ఒకరకంగా సత్రం భోజనం. జేబులో చిల్లిగవ్వ లేని సభ్యులకి అంతకన్నా మంచి ఆఫీసు ఎక్కడ దొరుకుతుంది? పార్కింగ్ మాత్రం మనకి ఉచితం కాలేదు, అది లెక్కల్లో చూడండి.

అక్టోబరు నుంచి మనమూ ఓ సంచిక అచ్చు వేద్దామని సొంత ప్రయోగాలు మొదలయ్యాయి. పిల్లలకి హెక్టోగ్రాఫ్ (సిరాతో రాసిన కాగితాన్ని జెల్లీ పలక మీద అద్ది, దాని మీంచి కాపీలు తీసే పాత పద్ధతి) చూపిద్దామని జెలటిన్, గ్లిజరిన్ కలిపి ట్రేలో గడ్డకట్టించాం. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మంతో చేస్తారని తెలిసిన పిన్నిగారొకరు ఆ ట్రేని ఫ్రిజ్ దరిదాపులకి కూడా రానివ్వలేదు, కార్యక్రమం గరాజ్‌లోకి మారింది. ఊదారంగు మరకలు పిల్లల చేతులకి వారం రోజులున్నాయి.

అసలు కష్టం సైక్లోస్టైల్‌తో, అంటే మైనం పూసిన కాగితం (స్టెన్సిల్) మీద అక్షరాలు కోసి, ఆ కోతల్లోంచి సిరా దింపి కాపీలు తీసే యంత్రంతో. ఎస్టేట్ సేల్‌లో (పోయినవాళ్ల ఇంటి సామాను అమ్మకంలో) దొరికిన పాత యంత్రంతో పాటు ఓ పెట్టెడు స్టెన్సిళ్లు వచ్చాయి, సగం మైనం ఎండి పగిలిపోయినవే. మిగిలిన వాటి మీద బాబాయిగారు (ఒకప్పుడు తాలూకాఫీసులో స్టెన్సిళ్లు కోసిన చెయ్యి) ఉక్కు ములుకుతో మన సంచిక మొదటి పేజీ రాశారు. ఇంగ్లీషు అయితే టైప్‌రైటర్ రిబ్బన్ పక్కకి తప్పించి కొట్టేస్తారు, తెలుగుకి చేతిరాతే గతి. కొంచెం గట్టిగా నొక్కితే చాలు, సున్నా చుట్టూ తెగిపోయి మధ్య ముక్క ఊడి కిందపడుతుంది. సిరా వెయ్యగానే ‘వందనం’లో సున్నా కాస్తా నల్లటి మచ్చ. మన లిపిలో గుండ్రాలు లేని అక్షరం ఏదో వెతుక్కోండి! బాబాయిగారు చివరికి ప్రతి సున్నాకీ పైన వెంట్రుకవాసి ఖాళీ వదిలి, చుట్టు పూర్తి చెయ్యకుండా రాశారు. అచ్చులో ఆ ఖాళీ సిరాతో నిండిపోయి సున్నా నిండుగా కనిపించింది. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆయన చేతికే గుర్తుంది.

సంచికలో ఎనిమిది పేజీలు, ముప్ఫై ఐదు కాపీలు. ఆరో పేజీ తలకిందులుగా పడింది, అది నా తప్పే.

ఖర్చులు: యంత్రం 60 డాలర్లు, సిరా, కాగితం 48, జెలటిన్ వగైరా 17, పార్కింగ్ 36. చందాల నుంచి 140 వచ్చాయి, తక్కువ పడిన 21 ఎకర్‌మన్ పాత్రలో కోశాధికారిగారు పెట్టుకున్నారు, దయచేసి వచ్చే సమావేశంలో ఇచ్చేద్దాం. మూడేళ్లుగా చందా కట్టనివాళ్ల పేర్లు ఈసారికి రాయడం లేదు.

యంత్రం ప్రస్తుతం మా గరాజ్‌లో ఉంది. మా ఆవిడ దసరా దాకా గడువిచ్చింది. ఈలోగా చోటున్నవాళ్లెవరైనా ముందుకొస్తే, బాగున్న స్టెన్సిళ్లు ఇంకా పదకొండు ఉన్నాయి, రెండో సంచికకి సరిపోతాయి.