ఆ పిట్టల్ని లేపిందెవరు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో కాకినాడ తీరం ఫోటో ఒకటి వేశారు. నీళ్ల మీంచి వందల పిట్టలు ఒక్క ఉదుటున లేచి, సగం తెల్లగా సగం బూడిదగా మెలి తిరుగుతున్నాయి. కింద ‘సైబీరియా కొంగల సందడి’ అని రాశారు. ఫోటో బాగుందండి. కాకపోతే అందులో కొంగ ఒక్కటీ లేదు. అవి ఎందుకు లేచాయో కూడా ఆ ఫోటోలోనే ఉంది. ఎడం పక్క చివర, తడి ఇసుక మీద, చేతులెత్తి పరిగెడుతున్న మనిషి నీడ. పేజీలో ఇమడ్చడానికి మీవాళ్లు మనిషిని కత్తిరించేశారు. నీడ మిగిలిపోయింది.

నాకు తాళ్లరేవులో స్టూడియో ఉంది. ఇరవై ఆరేళ్లుగా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు సైజులు. పుష్యమాసంలో ముహూర్తాలుండవు. ఆ నెల రోజులూ కెమెరా బీరువాలో పెడితే మా ఉప్పుగాలికి లెన్సుకి బూజు పడుతుంది. ఆ భయంతోనే ఓ ఏడాది బయల్దేరి కుంభాభిషేకం రేవు పక్కన బురదలోకి దిగాను. తీరా చూస్తే నాకు పని లేని ఆ రోజుల్లోనే ఆ బురద నిండా పిట్టలు. తర్వాత దూరంగా ఉన్న పిట్టని దగ్గరికి లాగే పాత 150-600 లెన్సు ఒకటి కొన్నాను. దాని ధర ఇప్పటికీ ఇంట్లో చెప్పలేదు, కాబట్టి ఇక్కడా రాయను.

ముందు కొంగల సంగతి. మన దగ్గర పొడుగు కాళ్లున్న ప్రతి పక్షినీ సైబీరియా కొంగ అనేస్తాం. ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కట్టే, ముక్కు మధ్యలో సందు ఉండే నత్తగుల్ల కొంగ ఈ దేశపుదే. ఇక్కడే గుడ్లు పెట్టి ఇక్కడే పిల్లల్ని చేస్తుంది. దానికి సైబీరియా ఎటు వైపుందో కూడా తెలియదు. నిజంగా సైబీరియా నుంచి వచ్చేవి మాత్రం అరచేతిలో పట్టే ఈ బురద పిట్టలు. వాటినేమో ‘చిన్నాచితకా పిట్టలు’ అని వదిలేస్తాం. మా వైపు అన్నింటినీ కలిపి ఉల్లంకులంటారు. పేర్లు చాలావాటికి ఇంగ్లీషువే దిక్కు.

మీ ఫోటోని భూతద్దం పెట్టి చూశాను. ఎక్కువ భాగం శాండ్ ప్లోవర్లు. మధ్యలో ముక్కు కిందికి వంగి, తోక మొదట్లో తెల్లటి పట్టీ ఉన్నవి కర్ల్యూ శాండ్‌పైపర్లు. వెనక ఏడెనిమిది కాస్త పెద్దవి గ్రేట్ నాట్ అనే పిట్టలేమోనని నా అనుమానం, అచ్చు చుక్కల్లో తేల్చలేకపోయాను.

ఇవన్నీ ఒకేలా ఉంటాయి కదా, ఎలా పోలుస్తావని అడుగుతారు. చలికాలంలో నిజంగానే అన్నీ బూడిద రంగువే. పెళ్లి పందిట్లో ఐదొందల మందిలో పెళ్లికూతురి మేనత్తని ఎలా పట్టుకుంటామండి? మొహం చూసి కాదు. నడక చూసి, ఎవరి పక్కన కూర్చుందో చూసి. ఇదీ అంతే. ప్లోవరు నాలుగడుగులు గబగబా పరిగెత్తి ఠక్కున ఆగి, చూసి, ఒక్క పోటు పొడుస్తుంది. కర్ల్యూ శాండ్‌పైపరు నాట్లు వేసే ఆడవాళ్లలా వంచిన తల ఎత్తకుండా వరసగా పొడుచుకుంటూ పోతుంది. టెరెక్ శాండ్‌పైపరుకి ముక్కు పైకి వంగి ఉంటుంది, కాళ్లు పసుపు నారింజ. పీత వెనకాల నడుం వంచి, బస్సు తప్పిపోతున్నవాడిలా పరిగెడుతుంది. దాన్ని ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోరు.

నన్ను ఏడిపించినవి లెసర్, గ్రేటర్ శాండ్ ప్లోవర్లు. గ్రేటరుకి ముక్కు పొడుగు. ముక్కు మొదలు నుంచి కంటి వెనక అంచు దాకా ఎంత దూరమో, దాని ముక్కు అంతకన్నా పొడుగుంటుంది. కాళ్లు కూడా పొడుగే, కాస్త ఆకుపచ్చ పసుపు. ఈ కొలత చేతికి రావడానికి నాకు మూడు పుష్యమాసాలు పట్టింది. తీరా వచ్చేసరికి 2023లో పక్షుల జాబితాలవాళ్లు ఆ లెసరునే సైబీరియన్, టిబెటన్ అని రెండు జాతులుగా విడగొట్టారు. ఆస్తి పంపకాల ఫోటోలు కూడా తీశాను గానీ ఇంత తలనొప్పి ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ పిట్టలు తినేది పాటు తీసినప్పుడు, బురద బయటపడ్డాక. పోటు ఎక్కిందంటే వాటికి తిండి చోటు నీళ్ల కిందికి పోతుంది. అప్పుడు అన్నీ ఏదో ఒక తిప్ప మీదకి, ఏరు సముద్రంలో కలిసే మొగ పక్క ఇసుక మీదకి చేరి, ఒంటికాలి మీద నిలబడి ముక్కు రెక్కల్లో దోపుకుని నిద్రపోతాయి. మళ్లీ నీరు దిగేదాకా విశ్రాంతి అదే. అన్నీ ఒకేచోట గుమిగూడేదీ అప్పుడే కాబట్టి కెమెరాలు కూడా అప్పుడే వస్తాయి. నిద్రపోయే పిట్ట ఫోటోకి లైకులు రావు. గుంపు లేస్తే వస్తాయి. అందుకని ఒకరు పరిగెడతారు, ఒకరు తీస్తారు. అవి చుట్టు తిరిగి మళ్లీ వాలతాయి. ఇంకోసారి పరిగెడతారు.

లిటిల్ స్టింట్ అనే చిన్న ఉల్లంకి బరువు పాతిక ముప్ఫై గ్రాములు. దానికి ప్రతి లేవడానికీ తిన్నదాంట్లోంచి కొంత ఖర్చు. ఏప్రిల్, మే నాటికి కొవ్వు పట్టించుకుని ఉత్తరాన గడ్డకట్టిన నేలల దాకా ఎగరాలి. గ్రేట్ నాట్ సంగతి ఇంకా కష్టం. అది ఈశాన్య సైబీరియా కొండల మీద గుడ్లు పెడుతుంది. వచ్చే దారిలో చైనా, కొరియా తీరాల బురదలో ఆగి తినిపోవాలి. దక్షిణ కొరియాలో సేమాంగుం దగ్గర సముద్రానికి అడ్డంగా 33 కిలోమీటర్ల గోడ కట్టారు, 2006లో మూసేశారు. వాటికి పెద్ద మజిలీ అయిన బురద అలా పోయింది. 2015లో ఆ పక్షిని అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చారు. అలాంటిది మన కాకినాడ బురదని నమ్ముకుని వస్తే, దాని కునుకు కూడా మనం తీసేస్తున్నాం.

ఇంత చెబుతున్నాను గానీ ఆ పాపం నాకూ ఉంది. ఆరేళ్ల కిందట ఇలాంటి ఫోటోయే మీ పత్రికలో వచ్చింది. పంపింది నేను. ‘సైబీరియా కొంగలు’ అని రాసి పంపిందీ నేనే. మా స్టూడియో కుర్రాడి చేత చప్పట్లు కొట్టించాను, లేవకపోతే బురద ముద్ద విసిరించాను. ఆ రోజు మమ్మల్ని నావలో తీసుకెళ్లిన చేపల వేటాయన అంతా చూసి, గెడ నీళ్లలో దింపి, ‘అన్నం ముందు కూకున్నోణ్ణి లేపకూడదంటారు గదా అబ్బాయ్, మరి నిద్దరోయేవోణ్ణి లేపొచ్చా?’ అన్నాడు. నేను నవ్వేశాను. ఆ ఫోటో కటింగు ఫ్రేము కట్టించి స్టూడియోలో పెట్టుకున్నాను కూడా.

దాన్ని దించిన రోజు చెబుతాను. రెండేళ్ల కిందట చొల్లంగి అమావాస్య మర్నాడు. గోదావరి పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్ల మునిగే సప్తసాగర యాత్రకి స్నానాలు చేసే జనం ముందురోజు వచ్చి వెళ్లిపోయారు, రేవు ఖాళీగా ఉంది. అమావాస్య పోటు పెద్దది కాబట్టి పిట్టలన్నీ సన్నటి ఇసుక పట్టీ మీదకి ఒదిగాయి. మన తీరం తూర్పు ముఖం, పొద్దున్నే ఎదురెండ. పిట్టలన్నీ నల్లటి బొమ్మల్లా కనిపిస్తాయి. ఆ నల్లటి బొమ్మల్లో ఒక గ్రేట్ నాట్ కాలికి ఏదో అంటుకున్నట్టు కనబడింది. జెండా! పక్షుల పరిశోధకులు కట్టే ప్లాస్టిక్ పట్టీ. ఈ జెండాల రంగులు ఏ దేశంలో కట్టారో చెబుతాయి, వాటి మీద అక్షరాలు ఆ పిట్ట ఏదో చెబుతాయి. ఎదురెండలో రంగే తెలియడం లేదు, అక్షరాల మాట దేవుడెరుగు. ఎండ వీపు మీదకి వచ్చేలా, స్టూలు చంకన పెట్టుకుని, బురదలో కూర్చుంటూ లేస్తూ చుట్టు తిరిగి వెళ్లడానికి నాకు ముప్పావు గంట పట్టింది. ఇంకో పది గజాలు ఉంది. ఫోకస్ కుదురుతోంది.

వెనక నుంచి ‘హోయ్’ మని ఒక కేక. ముగ్గురు కుర్రాళ్లు, ఒకడు పరుగు, ఇద్దరు ఫోన్లు. గుంపంతా లేచి సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ దీవి వైపు పోయింది. నా దగ్గర మిగిలిన ఫోటోలో ఒక ఆకుపచ్చ మరక ఉంది. అది జెండా రంగో, నీటి మెరుపో ఇవాళ్టికీ చెప్పలేను. వాళ్లని తిడదామనే వెళ్లాను. వెళితే ఒకడు నన్ను గుర్తుపట్టి, ‘అంకుల్, మీ స్టూడియోలో గోడ మీదున్న ఫోటో లాంటిది తీద్దామని వచ్చామండి’ అన్నాడు.

అందుకని మీకు రాస్తున్నాను. పిట్టల గుంపు లేస్తున్న ఫోటో మీకు ఎవరైనా పంపితే, వేసే ముందు ‘ఎలా లేచాయి?’ అని ఒక్క ముక్క అడగండి. డేగ వస్తే లేస్తాయి, కుక్క వస్తే లేస్తాయి. అలాగైతే వేయండి, ఆ సంగతి కూడా రాయండి. మనిషి లేపితే మాత్రం వేయకండి. మీరు వేసినంత కాలం ఆ పరుగు ఆగదు. నా ఫ్రేము చూసే కదా ఆ కుర్రాడు వచ్చింది. పేరు తెలియకపోతే ‘ఉల్లంకి పిట్టలు’ అని రాస్తే చాలు, తప్పు కాదు. జనవరిలో నీటి పక్షుల లెక్కింపు జరుగుతుంది, 1987 నుంచీ ఉన్నదే. ఆ రోజుల్లో మీ విలేకరి ఒకరు కోరంగి వైపు వచ్చి గంటసేపు కూర్చుంటే పది పేర్లయినా నోటికి వస్తాయి.

ఆదివారం నాటి ఫోటో తీసినవాళ్లు ఇది చదివితే, మధ్యాహ్నం పోటు వచ్చే రోజు చూసుకుని కుంభాభిషేకం రేవుకి రమ్మనండి. అప్పుడు ఎండ మన వెనక ఉంటుంది. పోటు నిండడానికి రెండు గంటల ముందే వెళ్లి, వంగి, కదలకుండా కూర్చుంటే నీరే పిట్టల్ని మన దగ్గరికి తోసుకొస్తుంది. నా దగ్గర రెండో స్టూలు కూడా ఉంది. చెప్పులు మాత్రం రేవులోనే విప్పి రావాలి, ఆ బురద ఇప్పటికి నావి మూడు జతలు మింగింది.

ఇట్లు,
ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్,
తాళ్లరేవు, కాకినాడ జిల్లా.