ఈ పండగకి ఆర్డర్లు ఎందుకు తగ్గించానంటే

నమస్కారం అండీ.

నేను చేసి అమ్మే బిస్కట్లు, కేకులకి పండగ ఆర్డర్లు ఎప్పుడు మొదలుపెడతారని పది రోజులుగా చాలామంది అడుగుతున్నారు. ముందు నేను ఒక నిర్ణయానికి రావాల్సి ఉండి జవాబు ఆలస్యం చేశాను. పోయిన పండగకి తీసుకున్నవాటిలో సగం ఆర్డర్లే ఈసారి తీసుకుంటున్నాను. కొన్ని రకాలు అసలు అమ్మడం లేదు. ఎందుకో దాచకుండా చెబుతాను.

పోయిన పండగకి ఏ ఆర్డర్‌నీ కాదనలేదు. చివరి మూడు రోజులూ నేనూ, మా అక్కా, సాయానికి వచ్చే ఇద్దరమ్మాయిలూ సరిగ్గా నిద్రపోలేదు. ఆఖరి రోజు టెన్షన్‌లో, ఓవెన్‌లోంచి తీసి అరగంటైనా కాని బిస్కట్లని డబ్బాల్లో సర్దేశాం. పైన చెయ్యి పెడితే చల్లగానే ఉన్నాయి, లోపల మాత్రం వేడి ఆరలేదు. ఆ ఆవిరి మూతకి పట్టి, నీటి చుక్కలై మళ్లీ బిస్కట్ల మీదే పడింది. కరకరలాడాల్సినవి పండగ నాటికి మెత్తబడిపోయాయి. రెండు డబ్బాల్లో బూజు కూడా వచ్చింది. ఆ ఫొటో పంపినావిడ కోపంగా ఒక్క మాట అనలేదు. పిల్లల చేతికి ఇవ్వబోతూ చూశానని మాత్రం రాశారు. ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లోనే ఉంది, తీసెయ్యలేదు.

తప్పు నాదే. పని తెలియక జరిగింది కాదు, తొందరపడి చేసింది. అందుకే మొదట మార్చింది పని వేగాన్నే. ఇప్పుడు ట్రేలోంచి తీసిన ప్రతి బిస్కటూ, కేకూ కింద నుంచి కూడా గాలి తగిలేలా తీగల స్టాండ్ మీద పూర్తిగా ఆరుతాయి. బిస్కట్లకి గంటన్నర, పెద్ద కేకుకి మూడు నాలుగు గంటలు. అంతసేపు ఆరబెట్టడానికి మా వంటగదిలో ఎంత చోటుందో అన్ని ఆర్డర్లే తీసుకుంటాను.

రెండో విషయం పప్పులు. జీడిపప్పు, బాదం, వేరుశనగ కొందరి ఒంటికి పడవు. అలర్జీ గట్టిగా ఉన్నవాళ్లకి పొడి కాస్త తగిలినా ప్రాణం మీదకి రావచ్చు. పోయినసారి నా డబ్బాల మీద ఏమేం వేశానో రాయలేదు. ఒక కస్టమర్ ఫోన్ చేసి అడిగితే గానీ నాకు తట్టలేదు. ఇకమీదట ప్రతి డబ్బా మీదా గోధుమ పిండి, పాలు, గుడ్డు, నువ్వులు, పప్పులతో సహా వేసినవన్నీ ఉంటాయి. పప్పులు లేనివి ముందు రోజు చేసి మూసేశాకే, పప్పులు వేసేవి మరుసటి రోజు మొదలుపెడతాం. అయినా వంటగది ఒక్కటే, గిన్నెలూ అవే. కాబట్టి పప్పుల అలర్జీ ఉన్నవాళ్లు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే దయచేసి నా దగ్గర ఏమీ కొనకండి. అమ్మకం పోతుందని ఈ మాట మింగెయ్యలేను.

ఇక మానేసినవి. నూనెలో వేయించే కారాలు ఈసారి లేవు. అవి మూకుడు దిగిన రోజు ఉన్నట్టు మర్నాడు ఉండవు. గాలి, వెలుతురు తగిలేకొద్దీ వాటిలోని నూనె పాడై, రోజులు గడిచేసరికి సన్నగా కంపు మొదలవుతుంది. పండగకి రెండు వారాల ముందు వేయించి, తాజాగా చేశామని చెప్పి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. వీటిని మీరు ఇంట్లోనే వేయించుకోండి. నూనె 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటర్ లేకపోతే చిన్న పిండి ముక్క వేసి చూడండి. అది అడుగునే ఉండిపోకుండా, వేసిన వెంటనే నల్లబడకుండా, బుడగలతో పైకి రావాలి. ఒకేసారి మూకుడు నిండా వేస్తే నూనె చల్లబడి, వేసినవన్నీ నూనె పీలుస్తాయి. మూకుడులో సగం చోటు ఖాళీగా ఉంచి వేయించండి. ఆలస్యమవుతుంది గానీ నూనె కారవు.

పాకం బిళ్లలు కూడా మానేశాను. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పోయినసారి అవి పళ్లకి అంటుకుంటున్నాయని నలుగురైదుగురు చెప్పారు. నేను చాలా రోజులు వాతావరణంలోని తేమ వల్లేమో అనుకున్నాను. అదీ కొంత నిజమే, పాకం గాలిలోని తేమని లాక్కుంటుంది. కానీ అసలు సంగతి వేరు. ఒకరోజు మరిగే నీళ్లలో నా థర్మామీటర్ పెట్టి చూస్తే 100 చూపాల్సిన చోట 104 చూపించింది. అంటే ఉడికిందనుకుని దింపిన ప్రతిసారీ పాకం ఇంకా నాలుగు డిగ్రీలు లేతగానే ఉంది.

పాకంలో నాలుగు డిగ్రీలు చాలా పెద్ద తేడా. ఉడికేకొద్దీ నీరు పోయి పంచదార చిక్కబడుతుంది, ఆ చిక్కదనాన్ని బట్టే వేడి పెరుగుతుంది. చల్లటి నీళ్లలో చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టే పాకం 112 నుంచి 116 డిగ్రీల దగ్గర వస్తుంది. గాజు ముక్కలా టక్కున విరిగే ముదురు పాకానికి 149 నుంచి 154 దాకా వెళ్లాలి. మీ ఊరు ఎత్తులో ఉంటే నీళ్లే 100 కన్నా ముందు మరుగుతాయి. ప్రతి 300 మీటర్లకీ సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది, పాకం లెక్కా అంతే తగ్గించుకోవాలి. అందుకే థర్మామీటర్ ఉన్నా చల్లటి నీళ్ల గిన్నె పక్కనే పెట్టుకోమంటాను. మా అమ్మ జీవితమంతా ఆ గిన్నెతోనే పాకం పట్టింది, ఒక్కసారీ చెడలేదు. పాకం పలుకు కట్టకుండా మొదట్లోనే నాలుగు చుక్కల నిమ్మరసం వెయ్యండి. మరగడం మొదలయ్యాక గరిట పెట్టి కలపకండి. పిల్లల్ని మాత్రం ఆ పొయ్యి దగ్గరికి రానివ్వకండి. పాకం ఒంటికి అంటుకుని వదలదు, మరిగే నీళ్లకన్నా లోతుగా కాలుస్తుంది.

వీటికి బదులు ఈసారి కొత్తగా ఒకటి ఇస్తున్నాను. బిస్కట్ పిండిని ముద్ద చేసి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొడుగ్గా చుట్టి గడ్డకట్టించి ఇస్తాను. మీరు ఇంట్లో చక్రాల్లా కోసి ఓవెన్‌లో పెట్టుకోవడమే. ఓవెన్‌ని 180 డిగ్రీలకి ముందే వేడి చేసి ఉంచండి. 12 నిమిషాల తర్వాత అంచులు రంగు మారాయేమో చూస్తూ ఉండండి. నడుమ ఇంకా మెత్తగా ఉన్నా తీసెయ్యండి, ఆరాక గట్టిపడతాయి. కోయడం, మీద పంచదార చల్లడం పిల్లలు చెయ్యగలిగే పనులు. ఇల్లంతా వాసన వస్తుంటే వాళ్లు ఓవెన్ అద్దం ముందు కూర్చుని చూడటం మా ఇంట్లో నాకు చాలా ఇష్టమైన పండగ దృశ్యం. నా డబ్బాల వల్ల మీ ఇళ్లలో అది లేకుండా పోతోందని పోయిన ఏడాదంతా బాధగా ఉండేది. పచ్చి పిండిని మాత్రం రుచి చూడనివ్వకండి. గుడ్డు వల్లే కాదు, ఉడకని గోధుమ పిండి వల్ల కూడా కడుపులో జబ్బు చేయవచ్చు.

ఇంట్లో చంటిపిల్లలుంటే ఇంకో రెండు మాటలు. తేనె వేసినవి ఏడాది నిండని పిల్లలకి పెట్టకండి. పప్పు బద్దలు ఐదేళ్లలోపు పిల్లల గొంతుకి అడ్డం పడతాయి, పొడి చేసి పెట్టండి. క్రీమ్ ఉన్న కేకుని రెండు గంటలకన్నా ఎక్కువ సేపు బయట ఉంచకండి, కోసి పెట్టాక మిగిలింది వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి.

ఆర్డర్లు పండగకి పది రోజుల ముందు ఆపేస్తాను. ఆ తర్వాత ఎంత దగ్గరివాళ్లు అడిగినా తీసుకోను, కోప్పడకండి. పిండి ముద్దలు దారిలో కరిగిపోతాయి కాబట్టి మీరే వచ్చి తీసుకెళ్లాలి. వచ్చేటప్పుడు మందపాటి సంచీ తెచ్చుకోండి. పోయిన పండగకి మెత్తబడిన బిస్కట్లు, సాగే బిళ్లలు అందుకున్నవాళ్లలో చెప్పకుండా ఊరుకున్నవాళ్లు కూడా ఉంటారు. ఒక్క మెసేజ్ పెట్టండి చాలు. ఫొటోలు, రుజువులు ఏమీ అడగను. మీ ఇంటికి ఈసారి ఒక డబ్బా నా తరఫున వస్తుంది, అన్నిటికన్నా ముందు ఆరబెట్టి సర్దేది మీ డబ్బాలే.