ఆకాశం చూసే రాత్రికి ముందు పిల్లల లిస్ట్ ఒకసారి చూడండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం,

పోయినసారి స్కై నైట్ పెట్టినప్పుడు ఎవరికీ ఏమీ కనిపించలేదు, తప్పు నాదే, అందరికీ సెలవు కదా అని డేట్ ఫిక్స్ చేశా, తీరా చూస్తే అది పౌర్ణమికి ముందు రోజు. వెన్నెల్లో గెలాక్సీలు, నెబ్యులాలు (అంతరిక్షంలో వాయువు, ధూళి మేఘాలు) వెతకడం అంటే పట్టపగలు మిణుగురుల్ని వెతకడమే. అందుకే జనవరిలో అమావాస్యకి దగ్గరగా ఉన్న శనివారం పెట్టాం, ఈసారి ఏం చూడాలో లిస్ట్ పిల్లలే తయారు చేస్తున్నారు.

వాళ్ళు ముందు నేర్చుకున్నది ఏంటంటే, పుస్తకంలో ఉన్నవన్నీ అన్ని ఊళ్ళ నుంచీ కనిపించవు. భూమి మీద అక్షాంశం ఉన్నట్టే ఆకాశంలో ప్రతి వస్తువుకీ డిక్లినేషన్ అని ఒక నంబర్ ఉంటుంది, మన ఊరి అక్షాంశానికీ ఆ నంబర్‌కీ ఉన్న తేడాని 90 లోంచి తీసేస్తే అది మనకి గరిష్టంగా ఎంత ఎత్తుకి వస్తుందో తెలిసిపోతుంది. ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు డిక్లినేషన్ సుమారు మైనస్ 47, అంటే 20 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నవాళ్ళకి తేడా 67, కాబట్టి 23 డిగ్రీల దాకా లేస్తుంది, 50 డిగ్రీల దగ్గర ఉన్నవాళ్ళకి అసలు ఉదయించనే ఉదయించదు. చెయ్యి చాపి పిడికిలి పడితే సుమారు 10 డిగ్రీలు, ఇంట్లో డాబా మీద పిల్లలు గాల్లో పిడికిళ్ళు పెడుతుంటే కంగారు పడకండి, కొలుస్తున్నారు అంతే. రెండు పిడికిళ్ళ కంటే కింద ఉన్నవి లిస్ట్‌లోంచి కొట్టేయమన్నాం, అక్కడ దుమ్ము, చెట్లు, లైట్ల వెలుగే ఎక్కువ.

తర్వాత వరుస. నక్షత్రాలు రోజుకి సుమారు 4 నిమిషాలు ముందే ఉదయిస్తాయి, నెలకి 2 గంటలు, కాబట్టి పోయిన నెల టైమింగ్ ఈ నెల పనికిరాదు. జనవరి సాయంత్రాల్లో ఆండ్రోమెడా గెలాక్సీ పడమటికి దిగిపోతూ ఉంటుంది, అది ముందు చూసేయాలి, కృత్తికలు, ఓరియన్ నెబ్యులా తర్వాత తీరిగ్గా చూడొచ్చు.

ఇంకోటి, మాగ్నిట్యూడ్ నంబర్ (ఎంత వెలుగుందో చెప్పేది, నంబర్ తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) చూసి మోసపోవద్దని మా సైన్స్ టీచర్ పదే పదే చెప్తున్నారు. ఎం33 గెలాక్సీ 5.7 అని రాసి ఉంటుంది, చాలా ఈజీ అనిపిస్తుంది, కానీ ఆ వెలుగంతా పెద్ద ఏరియాలో పరుచుకుని ఉంటుంది కాబట్టి టౌన్ లైట్ల మధ్య కనపడదు. ఫోటోల్లో ఉండే రంగులు కూడా ఆశించొద్దు, కంటికి బూడిదరంగు మసకలాగే ఉంటుంది, ఆండ్రోమెడా నుంచి ఆ మసక మన దాకా రావడానికి 25 లక్షల ఏళ్ళు పట్టిందని గుర్తు చేస్తే పిల్లలు ఒక్క క్షణం సైలెంట్ అయిపోతారు, నేను చూశా.

టెలిస్కోప్ కొనొద్దు దయచేసి, ఇంట్లో బైనాక్యులర్స్ ఉంటే పంపండి చాలు. ఆకాశం ఎప్పుడు ఎలా కనిపిస్తుందో చూపించే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్ ఫ్రీ, మీ లొకేషన్, టైమ్ పెట్టి పిల్లల లిస్ట్ సరిగ్గా ఉందో లేదో కలిసి చూడండి. ఆ రాత్రి వచ్చేవాళ్ళు ఫోన్లు మాత్రం జేబులోనే ఉంచండి, కళ్ళు చీకటికి అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది, ఒక్క ఫ్లాష్ పడిందంటే మళ్ళీ మొదటికే. టార్చ్ తెస్తే ఎర్ర కాగితం చుట్టి తీసుకురండి.

మీ,
హెడ్ మాస్టర్