చైనా నిచ్చెనకు మెట్లు నాలుగు కాదు, ఇరవై

సంపాదకులకు నమస్కారం.

ప్రాచీన చైనా మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం పండితుడు, రైతు, చేతిపనివాడు, వర్తకుడు అనే నాలుగు తరగతుల దగ్గరే ఆగిపోయింది. ఆ వరుస పండితులు కోరుకున్న ఆదర్శం. ఎవరికెంత భూమి, ఎవరికెంత శిక్ష అన్నది తేల్చింది మాత్రం చిన్ రాజ్యంలో మంత్రి షాంగ్ యాంగ్ క్రీ.పూ. 4వ శతాబ్దంలో పాతిన హోదాల నిచ్చెన. యుద్ధంలో కవచం తొడిగిన శత్రువు తల తెచ్చినవాడు ఒక మెట్టు ఎక్కేవాడు. చిన్ తర్వాత చైనాను ఏలిన హాన్ వంశం కూడా ఆ 20 మెట్లనే నిలుపుకుంది.

హుబెయ్‌లోని జాంగ్‌జియాషాన్ సమాధిలో క్రీ.పూ. 186 నాటి చట్టం వెదురు బద్దల మీద దొరికింది. దాని ప్రకారం ఏ హోదా లేని ఇంటి యజమానికి 1 చింగ్ భూమి, అంటే 100 ము. మన లెక్కలో 11 ఎకరాల పైచిలుకు. మొదటి మెట్టుకు ఒకటిన్నర, ఏడోదానికి 9, ఎనిమిదోదానికి ఏకంగా 20. సామాన్యుడికీ పెద్దమనిషికీ మధ్య గీత అక్కడే ఉందని నా నమ్మకం. 19వ మెట్టుకు 95. ఇవి హక్కులే గానీ అందరి చేతికీ అంత నేల వచ్చిందని కాదు. పంచడానికి చాలకపోతే ముందు నమోదైన కుటుంబానికి ముందు; ఒకేసారి నమోదైతే పై హోదావాడికి.

వ్యాసంలో అసలు కనిపించనిది వారసత్వం. ఎనిమిదో మెట్టువాడు జబ్బుచేసి పోతే కొడుకు ఆరో మెట్టుకు దిగుతాడు, 20 చింగ్‌ల హక్కు కాస్తా 7 అవుతుంది. మూడో మెట్టువాడి కొడుకు మొదటి మెట్టుకు జారతాడు. రాజ్యం పని మీద ప్రాణం పోతే మాత్రం తండ్రి హోదా కొడుక్కి తరుగు లేకుండా వస్తుంది. ఎప్పుడూ కోత లేనివి పై రెండు మెట్లే.

ఈ కట్టడి సడలింది ధాన్యం వల్ల. హాన్ ఆస్థాన అధికారి చావ్ త్సువో సలహాతో క్రీ.పూ. 168లో సరిహద్దు సైన్యానికి ధాన్యం పంపినవారికి హోదాలిచ్చారు: 600 షిలకు (షి అంటే అప్పటి ధాన్యపు కొలత) రెండో మెట్టు, 4,000కు తొమ్మిదోది, 12,000కు పద్దెనిమిదోది. అయిదుగురున్న రైతు కుటుంబం 100 ములు దున్నితే పంట 100 షిలు దాటదని రాసింది కూడా ఆయనే. అంటే రెండో మెట్టుకే ఆరేళ్ల పంట మొత్తం పోయాలి. అంత ధాన్యం కొని పంపగలిగేది ధనికులే. పట్టు కట్టరాదు, బండెక్కరాదు అని తొలి హాన్ చక్రవర్తి నిషేధించిన వర్తకుల చేతుల్లోనే ఆ డబ్బు పోగుపడిందని చావ్ త్సువో స్వయంగా వాపోయాడు.

తర్వాతి భాగంలో ఈ భూమి పట్టికను పూర్తిగా అచ్చువేయమని మనవి.

– ఒక చరిత్ర అధ్యాపకుడు